తలకో గుప్పెడు

మా అత్తయ్య త్రాసు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. సగం జీవితం హాస్టల్ వంటింట్లో గరిటె తిప్పిన మనిషి. కొలతలన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. తలకో గుప్పెడు, అదీ లెక్క. ఇంట్లో ఎన్ని తలలుంటే కవర్లో అన్ని గుప్పెళ్ళు, ఒక కవరు ఒక పూట కూరకి. చలికాలంలో బఠాణీలూ బీన్సూ పాలకూరా కారుచవగ్గా దొరికే ఆ కొద్ది వారాలూ మా ఇంట్లో మనుషులు నడవడానికి చోటుండేది కాదు. మంచాల మీద తువ్వాళ్ళు, తువ్వాళ్ళ మీద ఆరబెట్టిన గింజలు, పొయ్యి మీద మరిగే నీళ్ళు, పక్కన టబ్బులో ఐసుగడ్డలు. ఏడాదంతా తినేది అప్పుడే దాచుకోవాలని ఆవిడ పట్టుదల.

దాచే పెట్టె మా ఆయన తెచ్చింది. ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసేవాడు. మూతపడ్డ ఐస్‌క్రీం దుకాణం నుంచి తుక్కు కింద కొన్న డీప్ ఫ్రీజర్‌కి ప్రాణం పోసి వంటింటి వెనక గదిలో పెట్టాడు. రాత్రీ పగలూ గుర్రుమంటూ ఉండేది. మావయ్య దాన్ని 'పెద్దకోడలు' అనేవారు. "చల్లని మనిషి, ఎదురు చెప్పదు, ఎంత పెట్టినా కడుపులో దాచుకుంటుంది. చిన్నకోడలు దీన్ని చూసి నేర్చుకోవాలి," అని నన్ను ఉడికించేవారు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, నోరు ఊరికే ఉండదు.

ఆ ఏడు చలికాలం వచ్చేసరికి మా ఆయన లేడు. ఎండాకాలం చివర్లో ఎవరింటికో మూడో అంతస్తు గోడకి ఏసీ బిగిస్తూ జారిపోయాడు. ఆ సంగతి ఇంతకన్నా చెప్పను. చెప్పినా మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు, నాకు ఒరిగేదీ ఉండదు.

ఆ నెలల్లో నాకు ఏమీ అనిపించేది కాదు. ఏడుపు కూడా రాలేదు. చూసినవాళ్ళు గుండె నిబ్బరం గల పిల్ల అన్నారు. నిబ్బరమూ కాదు, నా మొహమూ కాదు. దెబ్బ తగిలిన వేలు కాసేపు మొద్దుబారి ఉంటుంది చూడండి, అలా మనిషంతా ఉన్నాను. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని నాది. కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "ఎలా ఉందమ్మా నాకు?" అని అడిగేవారు. "బావుందండీ," అనేదాన్ని. నిజంగా బావుందో లేదో చూసేదాన్నే కాదు. ఇంటికొచ్చి, పెట్టింది తిని, పడుకునేదాన్ని.

ఒక్క ప్రశ్న మాత్రం ఈగలా తల చుట్టూ తిరుగుతుండేది. నేనీ ఇంట్లో ఉండాలా, పోవాలా? ఎవరి చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చానో ఆ మనిషే లేడు. ఎవరైనా ఒక్కరు ఉండమంటే ఉండేదాన్ని, పొమ్మంటే పోయేదాన్ని. నా అంతట నాకు రెంటిలో ఏదీ గట్టిగా కావాలనిపించేది కాదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"మార్కెట్లోకి బఠాణీలొచ్చాయట," అని అత్తయ్య ఒకరోజు పొద్దున్నే అంది. ఎవరితోనో చెప్పలేదు, గోడతో చెప్పినట్టు చెప్పింది.

మావయ్య పేపరు దించి నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. ఈ ఏడు ఆ జంజాటం పెట్టుకోదని ఇద్దరం అనుకున్నాం. "తెమ్మంటావా?" అన్నారు.

"తేకపోతే వాటంతటవే నడిచొస్తాయా?"

పక్కింటావిడ కూడా ఒక బుట్ట తెమ్మని చెప్పింది. ఆవిడకి వీధంతా పెట్టిన పేరు రేడియో. నోట్లో నువ్వుగింజ నానదు. వలవడానికి తన బుట్ట కూడా మా వరండాలోకే తెచ్చుకుంది, ఒక్కత్తీ కూర్చుంటే ఎవరితో మాట్లాడుతుంది మరి. చాప మీద నలుగురం కూర్చున్నాం. కాయ చీల్చడం, బొటనవేలితో గింజలు తోయడం, తొక్క పక్కన పడేయడం. అంతకుముందు ఏళ్ళలో తల్లీకొడుకులిద్దరూ పోటీపడి పచ్చివే మింగేసేవాళ్ళు. గిన్నెలో పడేవాటి కన్నా నోట్లో పడేవే ఎక్కువ. "వీళ్ళని వలవడానికి కూర్చోబెట్టడమంటే పిల్లిని పాలకి కాపలా పెట్టడమే," అని మావయ్య మొత్తుకునేవారు. మాకు మిగతా ఇద్దరికీ బఠాణీల మీద అంత మోజు లేదు. ఆ రోజు అత్తయ్య ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు. చూశాను, కానీ ఆ రోజుల్లో నేను చూసినవేవీ బుర్ర దాకా వెళ్ళేవి కావు.

పొయ్యి దగ్గర పని మా ఇద్దరిదీ. బఠాణీలు మరిగే నీళ్ళలో పోసి, ఒక్క పొంగు రాగానే చిల్లుల గరిటెతో తీసి ఐసునీళ్ళలో వెయ్యాలి. ఉడక్కూడదు, ఉలిక్కిపడాలంతే అనేది అత్తయ్య. ఆ ఒక్క పొంగూ చూపించకపోతే నెలా రెణ్ణెల్లకి రంగు మారి గడ్డి రుచి వస్తాయి. ఆవిడ తీస్తుంటే నేను ఐసునీళ్ళలో చేతులు పెట్టి కలియదిప్పేదాన్ని. ఎప్పుడూ అయితే చేతులు జివ్వుమని గంతులు వేసేదాన్ని. ఆ రోజు చేతులు ఎర్రగా కందిపోయాక, "తియ్యి, చాలు," అని అత్తయ్య చెప్తే గానీ తియ్యాలని తోచలేదు.

గింజలు ఆరాక కవర్లు మొదలుపెట్టాం. నేను కవరు నోరు తెరిచి పట్టుకోవడం, ఆవిడ గుప్పెళ్ళు వెయ్యడం, చివర్లో మావయ్య మూతి దగ్గర ఒక స్ట్రా పెట్టి లోపలి గాలంతా పీల్చి జిప్పు మూసేయడం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకో కవరు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో గుప్పెడు పడినప్పుడల్లా మావయ్య తల కిందికి వాలిపోతోంది. నేను ఇంకో కవరు తెరిచాను. ఆ చెయ్యి కొన్నేళ్ళుగా నాలుగే వేసింది.

రేడియో ఊరుకుంటుందా! "అదేంటి వదినా, మూడు తలలకి నాలుగు గుప్పెళ్ళేస్తున్నావు?" అంది. అనేశాక నాలుక కరుచుకుంది, కానీ జారిన మాట మళ్ళీ నోట్లోకి వెళ్ళదు కదా.

అత్తయ్య చెయ్యి గాల్లో ఆగింది. అప్పటిదాకా కట్టిన కవర్లన్నీ ఒక్కొక్కటే విప్పి, గింజలు మళ్ళీ పళ్ళెంలోకి వంపేసింది. "నడుం లాగేస్తోంది. రేపు చూస్తాను," అని పళ్ళెం అలాగే ఫ్రీజర్లో పెట్టి మూత వేసింది. రేడియో తన బుట్ట తీసుకుని, జన్మలో మొదటిసారి మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఎన్నాళ్ళుంటావే చిట్టీ అక్కడ? వాళ్ళకి నువ్వూ బరువే, నీకు వాళ్ళూ బరువే. వెనక గది ఖాళీ చేయించాను. మీ వదిన కూడా రమ్మనే అంటోంది. ఇక్కడ కళ్ళజోళ్ళ షాపులు లేవా ఏంటి?"

"ఆలోచిస్తాను."

"ఆలోచించేదేముంది? పోనీ, ఉండమని వాళ్ళెవరైనా అన్నారా?"

"లేదు."

"చూశావా మరి!"

గోడలకి చెవులుంటాయంటారు. మా గదికీ వంటింటికీ మధ్య అసలు గోడే లేదు, చెక్క అడ్డం, అంతే. అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయి ఉంది. ఫోన్ పెట్టేశాక మళ్ళీ మొదలైంది.

మర్నాడు నేను లేచేసరికి అత్తయ్య ఒక్కత్తే బఠాణీలన్నీ కవర్లలో కట్టేసి ఫ్రీజర్లో వరసగా పేర్చింది. ఒకటి తీసి చేత్తో తూచి చూశాను. చేతికి తేలిగ్గా తగిలింది. ఇంకోటి తీశాను, ఇంకోటి. అన్నీ అంతే. రెండేసి గుప్పెళ్ళు.

మూడు కాదు, రెండు. మావయ్యకొకటి, ఆవిడకొకటి. ఫోన్లో మాటలు విని, రాత్రికి రాత్రి నన్ను లెక్కలోంచి తీసేసిందన్నమాట. కవరు మళ్ళీ పేర్పులో పెట్టి మూత వేసి, తల దువ్వుకుని దుకాణానికి వెళ్ళిపోయాను. బాధపడ్డానా అంటే, ఆ రోజు తెలియలేదు. ఒక పెద్దాయన కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు, ఎడమ అద్దం కుడివైపు బిగించి ఇచ్చానని మాత్రం సాయంత్రం తెలిసింది.

ఆ తర్వాత నాకు అన్నీ అలాగే కనిపించాయి. పాలకూర వచ్చింది, టమాటాలు వచ్చాయి. పాలకూర రుబ్బీ, టమాటాలు ఉడికించి, తొక్క తీసి, మెదిపీ, ఐసు ట్రేల్లో పోసి గడ్డకట్టించేవాళ్ళం. ఆ రెంటికీ గుప్పెళ్ళ లెక్క లేదు కాబట్టి కొంచెం నయం. ఇంకో వాయి బఠాణీలు కూడా చేశాం. అవీ రెండేసే. నేను కవరు పట్టుకుని ఉండగానే, నా మొహం మీదే, ఒకటి, రెండు, చాలు.

ఆ తర్వాతి వాయి నేను పాడుచేశాను. అత్తయ్య పాలవాడికి తలుపు తియ్యడానికి వెళ్తూ గరిటె నా చేతికిచ్చింది. పొంగు వచ్చింది, చూశాను. ఇంకో పొంగూ వచ్చింది, అదీ చూశాను. ఆవిడ తిరిగొచ్చేసరికి గింజలన్నీ చిట్లి గుజ్జయిపోయాయి.

అంతకుముందయితే, "కళ్ళున్నాయా, గోళీకాయలున్నాయా? ఊరందరికీ జోళ్ళు అమ్ముతావు, నీకొకటి తెచ్చుకోవే తల్లీ," అని దులిపేసేది. ఆవిడ తిట్లకి నేనూ, నా గొణుగుడికి ఆవిడా అలవాటుపడ్డాం. ఆ రోజు గిన్నెలోకి చూసి, "పర్లేదులే," అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటి మనిషిని తిడతారు. చుట్టాన్ని పర్లేదులే అంటారు.

"ఎన్ని చెడ్డాయి?" అంటూ మావయ్య వచ్చి గిన్నెలోకి తొంగిచూశారు. "సరే, తిలాపాపం తలాపిడికెడు. మూడు పూటలూ ఈ గుజ్జే తిందాం. పళ్ళు లేనివాడికి పండగ." ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్కరే కాస్త నవ్వి, ఆగిపోయారు.

ఆ సాయంత్రం అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. "వస్తానన్నయ్యా. ఎప్పుడొస్తావు?" అన్నాను.

"అమ్మయ్య! ఆదివారం వ్యాను మాట్లాడుకుని వస్తాను. సామాను సర్దుకో."

అవతల గిన్నెల చప్పుడు ఆగలేదు. అదే పనిగా ఒక గిన్నెనే తోముతున్నట్టు గరగరమంటూనే ఉంది.

ఆదివారం లోపల ఇంట్లో మాట తక్కువైంది. అటక మీంచి సూట్‌కేసు దించడానికి స్టూలు ఎక్కబోతే మావయ్య వచ్చి నన్ను దింపి, తనే ఎక్కి తీసిచ్చారు. దాని మీద దుమ్ము దులుపుతూ, "చాలా ఏళ్ళు బస్సులో చేశానమ్మా. ఎక్కేవాళ్ళకి చెయ్యిచ్చేవాణ్ణి. దిగేవాళ్ళని ఇంకో స్టాపు ఉండమని అడగడానికి మాత్రం కండక్టరుకి హక్కు లేదు," అన్నారు. నేను సూట్‌కేసు తీసుకుని గదిలోకి వెళ్ళి బట్టలు మడతపెట్టాను. అత్తయ్య ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, తెరిచి ఉన్న సూట్‌కేసు చూసి, "తువ్వాళ్ళు ఆరాయేమో చూడు," అని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న అన్నయ్య వచ్చేసరికి బీన్స్ పొయ్యి మీదున్నాయి. ఆ రోజే బీన్స్ తెప్పించడం ఎందుకో నాకర్థం కాలేదు. సూట్‌కేసు వరండాలో ఉంది. అన్నయ్య, మావయ్య ముందుగదిలో కూర్చున్నారు. వ్యాను డ్రైవరు వీధిలో చెట్టు నీడ వెతుక్కుంటున్నాడు.

"ఇదొక్క వాయి అయ్యాక బయల్దేరదాం అన్నయ్యా. ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు," అన్నాను వంటింట్లోంచే.

"కానీ, కానీ. ఎండెక్కకముందే అయితే చాలు."

బఠాణీకి ఒక పొంగు చాలు, బీన్స్‌కి ఇంకాసేపు పడుతుంది. ముందు వేసిన వాయి ఆరింది. అత్తయ్య నేల మీద కూర్చుంది, నేను కవరు నోరు తెరిచి ఎదురుగా కూర్చున్నాను. తరిగిన బీన్స్ గుప్పిట్లోకి తీసుకుని వేసింది. ఒకటి. రెండు. నేను కవరు మూసేయబోయాను.

"ఆగవే," అంటూ మూడోది వేసింది.

కవరు వైపు చూశాను. పొరపాటున వేసిందేమో అనుకుని ఇంకోటి తెరిచాను. ఒకటి, రెండు, మూడు.

"అత్తయ్యా, మూడు వేస్తున్నారు."

"ఊఁ."

"మూడెవరికి?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఎవరికేంటి? మీ మావయ్యకి, నీకు, నాకు."

"మరి బఠాణీలు రెండే వేశారు కదా?"

"బఠాణీలు నేను తినడం లేదు కదా." బీన్స్‌లోంచి ఒక పీచు ఏరి పక్కన పడేసింది. "వాడు లేకుండా అవి నా గొంతు దిగవు. ఎప్పటికైనా దిగుతాయో లేదో. అందుకని మీ ఇద్దరికే కట్టాను."

కవరు నా చేతుల్లోనే ఉంది. మీ ఇద్దరికే. ఆ కవర్లలో లేనిది నేను కాదు, ఆవిడ. ఇన్ని రోజులూ నన్ను తీసేశారని నాలో నేనే కుళ్ళుకుంటూ తిరిగాను. కళ్ళ ముందే ఒక తల్లి తనని తాను తీసేసుకుంటే చూడలేకపోయాను. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా భయమేసింది, బయట వ్యాను ఉందని.

"నేను వెళ్ళిపోతున్నానని మీకు తెలుసు కదా అత్తయ్యా?"

"తెలుసు."

"సూట్‌కేసు కూడా చూశారు."

"చూశాను."

"మరి నాకెందుకు వేస్తున్నారు?"

"వెళ్తున్నట్టు నువ్వు మీ అన్నతో చెప్పావు," అంది. "నాతో చెప్పలేదుగా."

కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టూ అనలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "నాతో చెప్పిన రోజు నీ గుప్పెడు తీసేస్తాను. చెప్పేదాకా నా చెయ్యి అంతే వేస్తుంది. అడ్డుపడటానికి నేనెవర్ని? నీ ఈడు నీది, నీ ఇష్టం నీది. వెళ్ళేట్టయితే నాకు చెప్పి వెళ్ళు, చాలు."

చెప్పడానికి నోరు తెరిచాను. వెళ్తున్నాను అత్తయ్యా. ఎంత మాట అది? పొద్దున దుకాణానికి పోయేటప్పుడు రోజూ చెప్పే మాటే. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, ఆ మాట కోసం ఓపిగ్గా కూర్చుంది. మాటకి బదులు గొంతులోంచి ఏదో వింత చప్పుడొచ్చింది. నా గొంతేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత ఇంక ఆగలేదు. ఎండాకాలం నుంచి రానిదంతా ఒక్కసారే వచ్చిపడింది. బీన్స్ కవరు గుండెకి అదుముకుని, ముక్కూ మొహం ఏకమయ్యేలా, చిన్నపిల్లలా బావురుమన్నాను. ఒళ్ళంతా నొప్పి పుట్టింది. అత్తయ్య నన్ను దగ్గరికి తీసుకోలేదు. లేచి పొయ్యి ఆపి, వచ్చి నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

చప్పుడు విని అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఏమన్నారు అత్తయ్యగారూ దాన్ని?"

"ఏమీ అనలేదు," అన్నాను నేనే. ముక్కు తుడుచుకుని లేచి నిలబడ్డాను. "నేను రాలేను అన్నయ్యా."

"రాలేవా? వ్యాను వీధిలో ఉంది. మీ వదిన గది కడిగించి కూర్చుంది. ఇదేం ఆట?"

"వదినకి నేను చెప్పుకుంటాను."

"పిచ్చిదానా, ఇప్పుడు వీళ్ళు నీకేమవుతారే?" అనేసి, వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారని గుర్తొచ్చి తల వంచుకున్నాడు. మంచివాడే మా అన్నయ్య. నా మీద ప్రేమతోనే అన్నాడు.

"ఏమవుతారో నాకూ తెలీదు. ఆవిడతో వెళ్తున్నానని చెబుదామనుకుంటే నోరు రాలేదు. అంతే అన్నయ్యా. ఇంతకన్నా నాకు చెప్పడం చేతకాదు."

అన్నయ్య నా వంక చూశాడు. అత్తయ్య వంక చూశాడు. మావయ్య మాత్రం ఎవరి వంకా చూడకుండా గుమ్మానికి ఆనుకుని, స్ట్రాని వేళ్ళ మధ్య నలిపేస్తున్నారు. చివరికి అన్నయ్యే, "భోజనమైనా పెడతారా, ఏడుపులతోనే సరిపెడతారా?" అన్నాడు.

భోజనం పెట్టాం. తిన్నాడు. డ్రైవరుకీ పెట్టాం. వెళ్ళేముందు నా తల మీద చెయ్యి వేసి, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు ఫోన్ చెయ్యమన్నాడు. ఖాళీ వ్యాను వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చాను. సూట్‌కేసు ఎవరు మోసుకొచ్చి గదిలో పెట్టారో, వరండాలో లేదు.

మిగిలిన బీన్స్ ముందు అత్తయ్య అప్పటికే కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని కవరు తెరిచాను. నా కళ్ళు ఇంకా మండుతున్నాయి. ఆవిడ గుప్పెడు తీసుకుని, వెయ్యకుండా ఆగింది.

"అయితే చెప్పవన్నమాట," అంది.

"చెప్పను," అన్నాను.